సిసెల్ ఆ వర్తకుణ్ణి ఎందుకు చేసుకుంది?

ఫోబోర్గ్ ఊళ్లో ఎవరు ఏ పని ఎందుకు చేశారో, చేసినవాళ్లకు తెలియకపోయినా వీబెక హోల్స్ట్‌కు తెలిసిపోయేది. కొత్తగా వచ్చిన పాస్టరు గారు గడ్డం పెంచితే, అది పోయిన తండ్రి మీద బెంగ. పక్కింటి టోవ వంటింటి గోడకు పసుపు రంగు వేయిస్తే, అది కోడలి మీద కసి. "అది కాదండీ, పాత రంగు పెచ్చులూడిపోతుంటేనూ..." అని టోవ చెప్పబోయేది. వీబెక జాలిగా తల పంకించి, "నీకలాగే అనిపిస్తుందిలే" అనేది. మనిషి తన గురించి తాను చెప్పుకునే మాటకు వీబెక దగ్గర పూచికపుల్ల విలువ కూడా లేదు. పాపం, వాళ్లకేం తెలుసు?

ఆమె ఊరి హైస్కూల్లో సాహిత్యం చెప్పి రిటైరైంది. పొడుగ్గా, నిటారుగా ఉంటుంది. కళ్లద్దాలకు ఎర్రదారం కట్టి మెళ్లో వేలాడదీసుకుంటుంది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆ కళ్లద్దాలు పైకెత్తి ముక్కు మీద పెట్టుకుంటుంది, వాళ్ల మొహం మీద చిన్న అక్షరాలతో ఏదో అచ్చువేసి ఉన్నట్టు.

ఒకప్పుడు ఆమెకు మొగుడుండేవాడు. పేరు ప్రెబెన్. ఒకరోజు కాఫీ తాగుతూ తనకొక కుక్కను పెంచుకోవాలనుందని అన్నాడు. కుక్క అంటే అతని దృష్టిలో ఏమిటో వీబెక ఆ రోజే వివరించింది. మర్నాడు ఇంకొంచెం లోతుగా వివరించింది. కుక్క అంటే అతను కోల్పోయిన యౌవనమనీ, కుక్క మెడపట్టీ అంటే పెళ్లి అనీ, ఒక చలికాలమంతా వివరించింది. వసంతం వచ్చేసరికి ప్రెబెన్ పెట్టె సర్దుకున్నాడు. ఇప్పుడు దగ్గరి పట్నం అస్సెన్స్‌లో రెండు కుక్కలతో కాపురముంటున్నాడు. రెండోది ఎందుకో కూడా వీబెకకు తెలుసు. ఆ దంపతులకు పిల్లలు లేరు. ఆ ఒక్క విషయాన్ని మాత్రం ఆమె ఎవరికీ వివరించలేదు, ఎవరూ అడగలేదు.

ఇంత విద్యా ఆమెకు 'రేవు పక్క ఇల్లు' అనే నవల పెట్టిన భిక్ష. ఎప్పుడో నూరేళ్ల పైచిలుకు కిందట ఒక పల్లెటూరి పాస్టరు రాసిన పుస్తకం అది. బళ్లో చదవని పిల్ల లేదు, చదివి విసుక్కోని పిల్లాడు లేడు. అందులో సిసెల్ అనే అందమైన పిల్ల ఉంటుంది. ఆమెకు లౌరిట్స్ అనే పాస్టరు గారబ్బాయితో నిశ్చితార్థం అయిపోతుంది. అలాంటిది, ఉప్పూ ఎండుచేపలూ అమ్మే థ్రానె అనే వయసుమళ్లిన వర్తకుడితో పాటు పొగమంచులో ఒక దీవిలో చిక్కుకుపోతుంది. మంచు విడిచాక తిరిగొచ్చి, లౌరిట్స్‌కు ఉంగరం ఇచ్చేసి, ఆ ముసలాయన్ని చేసుకుంటుంది. ఎందుకో చెప్పదు. రాసిన పాస్టరు గారూ చెప్పకుండానే కన్నుమూశాడు. అక్కడి నుంచి దేశంలోని సాహిత్యం టీచర్లందరికీ చేతినిండా పని.

"సిసెల్ ఆ వర్తకుణ్ణి ఎందుకు చేసుకుంది?" ఏటా ఈ ప్రశ్న పరీక్షలో ఇచ్చేది వీబెక. జవాబు ఒకటే: అక్క ఉల్రిక మీద అక్కసుతో. అక్క చాటుగా లౌరిట్స్‌ను ప్రేమిస్తోందని గ్రహించి, "ఇదిగో, నువ్వు గుండెలో దాచుకున్నవాణ్ణి నేను ఎంగిలి విస్తరిలా వదిలేస్తున్నాను చూడు" అని అవమానించడానికి చేసుకుంది. ఎంత సూక్ష్మం! పుస్తకంలో ఎక్కడా ఆ మాట లేదు. లేకపోవడమే దానికి రుజువు అనేది వీబెక.

రిటైరయ్యాక ఆ జవాబును ఊరికే ఉంచడం ఇష్టంలేక, గ్రంథాలయం మేడ మీద గురువారం మధ్యాహ్నాలు ఒక పఠనమండలి పెట్టింది. ఏడెనిమిది మంది వచ్చేవారు. కేకు వంతులవారీగా తెచ్చేవారు. జవాబు మాత్రం ఎప్పుడూ వీబెకే తెచ్చేది.

మండలిలో ఒక మొండిఘటం ఉన్నాడు. పేరు ఆస్గర్. ఊరి పళ్ల డాక్టరు. చిన్నప్పుడు వీబెక క్లాసులోనే చదివాడు. పరీక్షలో సిసెల్ గురించి ఒక్కటే వాక్యం రాశాడు: "ఆయనంటే ఇష్టమైంది కాబట్టి." వీబెక దాని కింద ఎర్రసిరాతో గీతగీసి, పక్కన "ఆలోచించడం నేర్చుకో" అని రాసి, ఫెయిలుకు ఒక మెట్టు పైన నిలబెట్టింది. ఆస్గర్ పెరిగి పెద్దవాడై, పెళ్లాడి, ఇద్దరు పిల్లల్ని కని, ఊళ్లో సగం మంది పళ్లు పీకినా ఆ మార్కును మర్చిపోలేదు.

ఏప్రిల్ నెలలో వీబెకకు దవడ పన్ను సలిపి, తప్పనిసరై అతని దగ్గరికి వెళ్లింది. అతను ఆమెను కుర్చీలో వెనక్కి వాల్చి, నోట్లో దూది కుక్కి, అప్పుడు మొదలుపెట్టాడు.

"ఇంకొంచెం తెరవండి టీచర్. ఆఁ, అంతే. నాకొక్కటి చెప్పండి. సిసెల్‌కి ఆ ముసలాయన నచ్చి ఉండకూడదా?"

"ఊఁ... ఆఁఘ్..."

"ఔనంటారా?"

"ఊహూఁ!"

"కదలకండి, చేతిలో సూదుంది. నేనేమంటానంటే, ఆ దీవిలో ఆయన ఆమెకి మంట రాజేసి ఇచ్చాడు, కథలు చెప్పాడు, నవ్వించాడు. లౌరిట్స్ అయితే పుస్తకం మొదట్నించీ చివరిదాకా సముద్రం వంక చూసి నిట్టూర్చడం తప్ప ఏం చేశాడు చెప్పండి? నా పెళ్లామైనా నిట్టూర్చేవాణ్ణి చేసుకునేది కాదు."

వీబెక కళ్లతోనే నిప్పులు కురిపించింది. ఆమె అభిప్రాయం ఎంత బలమైనదైనా, దూది దాటి బయటికి రాలేకపోయింది. ఒక మనిషి తన ఎదుట మొదలుపెట్టిన మాటను ముగించడం ఆమె వినడం బహుశా అదే మొదటిసారి.

"అన్నట్టు మర్చిపోయాను," అన్నాడు ఆస్గర్ పన్ను గీకుతూ. "మీ చెల్లెలుగారికి నా తరఫున శుభాకాంక్షలు చెప్పండి. నిన్ననే ఐనర్ గారికి పైపన్ను సరిచేశాను. పెళ్లిలో కేకు తినాలి కదా అంటాడు పెద్దమనిషి!"

వీబెక దూదితో సహా లేచి కూర్చుంది.

చెల్లెలు మారెన్ ఆ ఊరి చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. అరవై దాటింది. పెళ్లి చేసుకోలేదు. గుండ్రటి మొహం, నెమ్మది మాట. ఏ మాటైనా మొదలుపెట్టి, మధ్యలో కాసేపు ఆగి, సరైన పదం దొరికాక ముగిస్తుంది. ఆ మధ్యలో ఆగే చోట అక్క ఎప్పుడూ కాచుకుని ఉండేది. ఐనర్‌ది రేవులో దుకాణం. తాళ్లు, మేకులు, పడవల రంగులు, లాంతర్లు అమ్ముతాడు. డెబ్బైకి దగ్గర పడ్డాడు. పెద్ద చెవులు. చర్చిలో వెనకవరసలో నిలబడి అపశ్రుతిలో గొంతెత్తి పాడతాడు. ఊళ్లో ఏకైక సంగీత విద్వాంసురాలు, ఊళ్లోకెల్లా చెవులు పెద్దవై కూడా శ్రుతి తెలియనివాణ్ణి చేసుకోబోతోంది. దీని వెనక ఎంత కథ ఉండి ఉండాలి!

దంతవైద్యశాల నుంచి చర్చికి నడిచేలోపే వీబెకకు కథంతా అర్థమైపోయింది. తనకు పద్దెనిమిదేళ్లప్పుడు ఐనర్ సైకిలు మీద వాళ్లింటికి పొగబెట్టిన ఈల్ చేపలు తెచ్చి, ఆమె చేతికిచ్చి, చెవుల దాకా ఎర్రబడి పారిపోయేవాడు. ఒక్కసారి కాదు, ఆ వేసవంతా. అంటే అప్పట్నించీ ఆమెనే ప్రేమిస్తున్నాడు. ఆమె దక్కలేదు గనుక, కనీసం ఆమె భోజనాల బల్ల దగ్గరికి చేరడానికి ఇప్పుడు చెల్లెల్ని చేసుకుంటున్నాడు. మారెన్ సంగతి చెప్పేదేముంది? అక్కను ప్రేమించినవాణ్ణి అక్క కళ్లెదుట చేసుకోవడమే ఆమె లక్ష్యం. అచ్చం పుస్తకంలో రాసినట్టే, అంటే, పుస్తకంలో రాయనట్టే. ఏ దారిన బయలుదేరినా వీబెక ఆలోచన చివరికి వీబెక గుమ్మంలోనే వచ్చి ఆగేది.

మారెన్ చర్చిలో ఆదివారానికి సాధన చేసుకుంటోంది. అక్కను చూసి వేళ్లు ఆపింది.

"అక్కా, నీకు నేనే చెబుదామని..."

"చెబుదామనుకున్నావు, భయమేసింది." మత్తుమందుకు వీబెక పెదవి ఒకపక్కకు వేలాడుతున్నా మాట మాత్రం తడబడలేదు.

"భయం కాదే. నువ్వేమో..."

"నేనేమనుకుంటానో అని. భయమంటే అదే మరి."

"సరే పోనీ, భయమే అనుకో." మారెన్ పాటల పుస్తకం మూసింది. "పెళ్లి జూన్‌లో, మొదటి శనివారం. ఇంట్లో పెద్దదానివి నువ్వే. నాన్న లేడు కాబట్టి భోజనాల దగ్గర నువ్వే రెండు మాటలు మాట్లాడాలి."

"ఎందుకు చేసుకుంటున్నావు మారెన్?"

"ఎందుకంటే, ఐనర్..."

"నాకు తెలుసు," అంది వీబెక గంభీరంగా. "నన్ను మోసం చేయలేవు. నిన్ను చిన్నప్పట్నించీ చూస్తున్నాను."

చూస్తున్న మాట నిజమే. మారెన్‌కు ఇరవై దాటిన కొత్తలో, లూబెక్‌లోని పెద్ద చర్చిలో ఆర్గన్ నేర్చుకునేందుకు చోటు దొరికింది. చివరి నిమిషంలో జర్మన్ భాష రాదని వంకచెప్పి మానుకుంది. ఆ వంక వెనక ఏముందో వీబెక పట్టేసింది: పెద్ద చోట చిన్నదాన్నైపోతానన్న పిరికితనం, నాన్న కోటు అంచు వదల్లేని పసితనం. బలహీనమైన పాత్రల గురించి పాఠం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ ఏటా వాడుకునేది. పేరు చెప్పేది కాదు, అంత సంస్కారం ఆమెకుంది. పిల్లలు ఆదివారం చర్చికెళ్లి, ఆర్గన్ దగ్గర కూర్చున్న ఉదాహరణను కళ్లారా చూసేవారు.

మర్నాడు వీబెక మంచి దుస్తులు వేసుకుని రేవులో దుకాణానికి వెళ్లింది. ఐనర్ మనసు విరిగిపోకుండా, సున్నితంగా, అతన్ని నిరాకరించాలని ఆమె ఉద్దేశం. అతను ఒక బెస్తాయనకు తాడు కొలిచి ఇచ్చి పంపి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"రండి రండి, వదినగారూ! ఇంకా కాలేదనుకోండి, కానీ ఇప్పట్నించే అలవాటు చేసుకుంటే మంచిది కదా."

"ఐనర్, నేను సూటిగా మాట్లాడతాను. ఆ ఈల్ చేపల సంగతి నేను మర్చిపోలేదు."

ఐనర్ మొహం వాడిపోయింది. "బాలేవా? ఏ షాపులో కొన్నారు? హాన్సెన్ గారి దగ్గర కొనకండని మారెన్‌కి చెప్పానే!"

"ఇప్పటివి కాదు. ఆ వేసవిలో నువ్వు మా ఇంటికి తెచ్చేవాడివి చూడు, అవి."

"ఓ, అవా! అవి మీ నాన్నగారు చెప్పి తెప్పించుకునేవారండీ. మా నాన్న పొగబెట్టేవాడు, నేను ఇళ్లకు వేసేవాణ్ణి. పాస్టరు గారింటికీ వేసేవాణ్ణి, మంత్రసాని గారింటికీ వేసేవాణ్ణి."

"ఇచ్చేటప్పుడు చెవుల దాకా ఎర్రబడేవాడివి."

"మీ ఇల్లు గుట్ట మీద కదండీ. సైకిలు తొక్కుకుంటూ ఎక్కితే ఇప్పుడైనా అంతే."

వీబెక చాలాసేపు అతని వంక చూసింది. ఎంత సున్నితమైన మనిషి! ఎంత గొప్పగా కప్పిపుచ్చుకుంటున్నాడు! "నాకర్థమైంది ఐనర్. ఇంకేం చెప్పకు," అని అతని చెయ్యి నొక్కి వచ్చేసింది. అతను ఆ సాయంత్రం మారెన్‌తో, "మీ అక్కకి ఈల్ చేపలంటే ప్రాణంలా ఉంది, పెళ్లి విందులో అవీ పెట్టిద్దాం," అన్నాడట.

ఆ వారం పఠనమండలికి మారెన్ వచ్చింది. అదివరకెప్పుడూ రాలేదు. బాదంపప్పు కేకు చేసి తెచ్చి, మూలన కూర్చుని, ఊలు అల్లుకుంటూ వింది. వీబెక ఆ రోజు మహా ఉత్సాహంగా ఉంది. సిసెల్ అక్కసును విప్పి చెబుతూ, చెల్లెళ్లు అక్కలను ఎన్ని విధాల శిక్షిస్తారో, అందులో పెళ్లి ఎలా అన్నిటికన్నా పదునైన ఆయుధమో వర్ణించింది. ఎవరి గురించి చెబుతోందో తెలియనివాళ్లు ఆ గదిలో లేరు. టోవ కేకు ముక్కలోని బాదంపప్పులను ఒక్కొక్కటే ఏరుతూ తలెత్తలేదు.

"నేనొకటి అడగొచ్చా?" అంది మారెన్.

"అడుగు," అంది వీబెక పెద్దమనసుతో.

"నేను ఈ పుస్తకం మళ్లీ చదివాను. నిన్న పూర్తయింది. ఈ ఉల్రిక ఉంది చూడు, సిసెల్ వాళ్ల అక్క..." మారెన్ ఊలుపోగు సరిచేసుకుంది. ఆ సందులో వీబెక నోరు తెరిచింది గానీ, ఆస్గర్ కేకు పళ్లెం ఆమె ముందుకు జరిపి, "తీసుకోండి టీచర్," అని అడ్డం పడ్డాడు. "...ఆవిడ పుస్తకంలో పట్టుమని పది పేజీల్లో కూడా లేదే అక్కా. ఒకసారి లాంతరు తెస్తుంది. ఇంకోసారి కిటికీ మూస్తుంది. చివర్లో దగ్గుతుంది. లౌరిట్స్ ఆవిడతో ఒక్క మాటైనా మాట్లాడడు. మరి అందరూ చేసే పనులన్నీ ఆవిడ కోసమే ఎందుకు చేస్తారు?"

ఆస్గర్ సంతోషం పట్టలేక బల్ల కింద మోకాలు కొట్టుకున్నాడు.

"ఆ లాంతరే కీలకం," అంది వీబెక చివరికి.

"కావచ్చులే. నాకు తెలీదు. నాకైతే ఆ రోజు చీకటిపడింది కాబట్టి తెచ్చిందేమో అనిపించింది," అని మారెన్ అల్లిక అందుకుంది.

ఆ రాత్రి వీబెక పుస్తకం తీసి ఉల్రిక ఉన్న చోట్లన్నీ వెతికింది. పేజీల అంచుల్లో తాను రాసుకున్న వ్యాఖ్య, ఉల్రిక కోసం రచయిత ఖర్చుపెట్టిన మాటలకు పదింతలుంది. ఇంకొకరైతే కాస్త తగ్గేవారు. వీబెక పుస్తకం మూసి, పెళ్లి ఉపన్యాసం ఇంకొంచెం పదునుపెట్టింది.

పెళ్లినాడు చిన్న చిక్కొచ్చింది. చర్చిలో ఆర్గన్ వాయించే మనిషే పెళ్లికూతురు. పక్క ఊరినుంచి రావాల్సినాయన జ్వరంతో పడుకున్నాడు. మారెన్ తెల్లగౌను కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, మెట్లెక్కి, తన పెళ్లి పాట తనే వాయించి, మళ్లీ మెట్లు దిగి వచ్చి ఐనర్ పక్కన నిలబడింది. ఐనర్ అప్పటిదాకా దిక్కుతోచక నిలబడి, పాట అంతా తన పద్ధతిలో గొంతెత్తి పాడాడు. కొత్త పాస్టరు గారు గడ్డంలో నవ్వుకున్నారు.

విందు రేవు పక్కనున్న సత్రంలో. చేప, పందిమాంసం, ఆలుగడ్డలు, ఐనర్ పట్టుబట్టి పెట్టించిన పొగ ఈల్ చేపలు. ఆ చేపల పళ్లెం సరిగ్గా వీబెక ముందే పెట్టారు. ఆమె దాన్ని ఇంకొక నిగూఢ సందేశంగా స్వీకరించి, గ్లాసు మోగించి లేచి నిలబడింది.

"ఈ రోజు మనం ఆనందించడానికే కాదు, అర్థం చేసుకోవడానికి కూడా వచ్చాం," అని మొదలుపెట్టింది. జనం మర్యాదగా చెంచాలు కింద పెట్టారు. "మనిషి చేసే ఏ పనైనా పైకి కనబడే కారణంతో చేయడు. నా చెల్లెలు ఈ పెళ్లి..."

టింగ్ టింగ్ టింగ్. ఎవరో గ్లాసు మీద చెంచాతో కొట్టారు. గ్లాసులు మోగితే పెళ్లివారు ముద్దుపెట్టుకు తీరాలి. ఐనర్, మారెన్ లేచి నిలబడి ముద్దుపెట్టుకున్నారు. చప్పట్లు. వీబెక ఓపిగ్గా ఆగింది.

"నా చెల్లెలు ఈ పెళ్లి ఎందుకు చేసుకుందో తెలియాలంటే, మనం ఆమె బాల్యంలోకి..."

ఈసారి అందరూ కాళ్లు నేలకేసి దడదడలాడించారు. అలా చేస్తే పెళ్లివారు బల్ల కింద దూరి ముద్దుపెట్టుకోవాలి. డెబ్బైకి దగ్గరపడ్డ పెళ్లికొడుకు మోకాళ్లు పట్టుకుని బల్ల కింద దూరాడు. బయటికి రావడానికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది. వీబెక మళ్లీ బాల్యం దగ్గర మొదలుపెట్టింది. మళ్లీ గ్లాసులు మోగాయి. మొదట మోగించిందెవరో ఆమె చూడనే చూసింది. ఆస్గర్ చెంచా ఇంకా చేతిలోనే ఉంది, మొహం మాత్రం పసిపిల్లాడిలా అమాయకంగా ఉంది.

ఉపన్యాసం పుట్టింది మొదలు ఒక్క అడుగు ముందుకు పడలేదు. వీబెకకు దుఃఖమో కోపమో ముంచుకొచ్చింది. కాగితం మడిచేసి, అందరి ముందూ, చెల్లెలి వంక తిరిగి అడిగేసింది.

"సరే, నేనేమీ చెప్పను. నువ్వే చెప్పు. ఎందుకు చేసుకున్నావు?"

ఈసారి గ్లాసులు మోగలేదు. మారెన్ లేచి నిలబడింది. తన అలవాటు ప్రకారం పదాల కోసం వెతుక్కుంది.

"ఎందుకంటే అక్కా... నేనేదైనా చెప్పడం మొదలుపెడితే, ఐనర్ నా మాట పూర్తయ్యేదాకా..."

"ఆగుతాడు!" అంది వీబెక.

ఒక్క క్షణం ఎవరికీ ఏం జరిగిందో అర్థం కాలేదు. తర్వాత సత్రం పైకప్పు లేచిపోయేలా నవ్వారు. టోవ కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వింది. పాస్టరు గారు నవ్వారు. మారెన్ కూడా ఆపుకోలేక నవ్వుతూ బల్ల పట్టుకుంది. నవ్వనివాళ్లు ఇద్దరే: వీబెక, ఐనర్. అతను, భార్య ఇంకా ఏమైనా చెబుతుందేమోనని ఆమె మొహం వంక చూస్తూ నిలబడ్డాడు.

వీబెక కూర్చుంది. ముందున్న ఈల్ చేప ముక్క ఒకటి తీసుకుని, తలెత్తకుండా తింది. చాలా రుచిగా ఉంది. ఆ రుచికి ఆమె ఏ అర్థమూ చెప్పలేదు.

ఆ తర్వాత చాలా గురువారాలు ఆమె మండలికి పోలేదు. జలుబని చెప్పింది. జూలైలో ఫోబోర్గ్‌లో జలుబేమిటని ఎవరూ అడగలేదు. ఆమె లేకుండానే మండలి నడిచింది. టోవ పెద్దరికంలో వాళ్లొక దొంగతనం కథ చదివి, దొంగ ఎందుకు దొంగిలించాడంటే వాడికి ఆ వస్తువు కావాలి గనుక అని ఏకగ్రీవంగా తేల్చి, కేకు తిని ఇళ్లకు పోయారట. ఆ మాట విన్న రోజు వీబెకకు నిజంగానే కాస్త ఒళ్లు వెచ్చబడింది.

ఆగస్టులో ఒక ఆదివారం మారెన్ భోజనానికి పిలిచింది. ఐనర్ వెనక పెరట్లో పడవకు రంగు వేసుకుంటున్నాడు. అక్కచెల్లెళ్లిద్దరూ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని కొత్త ఆలుగడ్డల తొక్క గీకుతున్నారు. పెళ్లి సంగతి ఇద్దరూ ఎత్తలేదు. వాతావరణం గురించి మాట్లాడారు, ధరల గురించి మాట్లాడారు. అవి అయిపోయాక చేసేదేం లేక మారెనే మొదలుపెట్టింది.

"అక్కా, ఆ లూబెక్ సంగతి..."

వీబెక నోరు తెరిచింది. నాలుక చివర పిరికితనం, నాన్న కోటు అంచు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఎలాగో మూసింది. మారెన్ ఒక గడ్డ పూర్తిగా గీకి, నీళ్లలో వేసి, ఇంకొకటి తీసుకుంది. అంతసేపు ఆగడం వీబెకకు ప్రాణాంతకంగా ఉంది.

"...ఆ చలికాలం నువ్వు ఓడెన్స ఆసుపత్రి నుంచి వచ్చావు. పాపాయి లేకుండా. వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నావు. ప్రెబెన్ ఏం చెయ్యాలో తెలీక రోజూ షెడ్డుకి రంగు వేసేవాడు, వేసినదాని మీదే మళ్లీ. నాన్నకి నీ గదిలోకి రావాలంటే భయం, గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేవాడు. నేను మీ ముందుగదిలో పియానో వాయించేదాన్ని, ఊరికే. చూస్తే నేను వాయిస్తున్నంతసేపూ నువ్వు నిద్రపోతున్నావు. ఆపితే లేస్తున్నావు."

వీబెక చేతిలో కత్తి కదల్లేదు.

"అందుకని వాయిస్తూనే ఉన్నాను. ఈలోగా లూబెక్‌కి వెళ్లాల్సిన రోజు వచ్చింది. వెళ్లిపోయింది కూడా. వసంతంలో నువ్వు లేచి బడికెళ్లావు. అంతే."

"నువ్వు భయపడ్డావనుకున్నాను," అంది వీబెక.

"నువ్వే చెప్పావుగా భయపడ్డానని! ఊరంతటికీ చెప్పావు. జర్మన్ రాదనే వంక కన్నా అదే బాగా అతికింది. సరే, అలాగే ఉండనీ అనుకున్నాను."

"నిజం ఎందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వు దానికింకో కారణం చెప్పేదానివి," అంది మారెన్. ఆమె గొంతులో కోపమేమీ లేదు, వాన పడితే తడుస్తామని చెప్పినట్టు చెప్పింది.

లోకంలో జరిగే ప్రతి కథనూ తన చుట్టూ తిప్పుకున్న వీబెకకు, నిజంగానే తన చుట్టూ తిరిగిన ఒక్క కథా ఇన్నేళ్లూ కంటపడలేదు. ఆమెకు చెప్పాలనిపించిన మాటలు చాలా ఉన్నాయి. తెలివైనవి, లోతైనవి, పేరాలుగా విడగొట్టినవి. ఒక్కటీ బయటికి రాలేదు. మెళ్లోని కళ్లద్దాలు తీసి, వాటిని బల్ల మీద పెట్టి, మొహం చేతుల్లో దాచుకుంది. మారెన్ లేచొచ్చి, తడిచేతులతోనే అక్క తల తన కడుపుకు ఆనించుకుంది. పొయ్యి మీద పాలు పొంగి కిందికి కారాయి. ఇద్దరూ గమనించలేదు.

మాడిన వాసనకు ఐనర్ లోపలికొచ్చాడు. చేతిలో రంగు కుంచె, ముక్కు మీద నీలిరంగు చుక్క. ఎర్రబడ్డ కళ్లతో ఉన్న వదినగారినీ, పెళ్లాన్నీ మార్చిమార్చి చూశాడు.

"ఏమైంది?"

"ఏం లేదు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఓహో," అన్నాడు ఐనర్. ఏం లేదని నమ్మి, పొయ్యి మంట తగ్గించి, మళ్లీ పడవ దగ్గరికి వెళ్లిపోయాడు.